కుండీ కబుర్లు: ముందు వేరు చూడండి, తర్వాతే కుండీ కొనండి

మృగశిర కార్తె దాటి నాలుగు చినుకులు పడ్డాయో లేదో, నాకొచ్చే ఉత్తరాల రంగే మారిపోతుంది. మే నెలంతా "మొక్క మాడిపోతోంది" అని రాసినవాళ్లే ఇప్పుడు "కుండీ మార్చేదా?" అని అడుగుతున్నారు. ఈసారి సగానికి పైగా ఉత్తరాలు ఇవే కాబట్టి, మిగతావి వచ్చే సంచికకి వాయిదా వేసి అన్నీ కుండీ కబుర్లే చెబుతాను.

కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. మాది కడియం దగ్గర పల్లె. మా నాన్న నర్సరీలో అంట్లు కట్టేవారు. నేను జూనియర్ కాలేజీలో 31 ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి, ఇప్పుడు కూకట్‌పల్లిలో మా అబ్బాయి ఫ్లాటులో, నాలుగో అంతస్తులో ఉంటున్నాను. బాల్కనీ నాలుగడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు. అందులో 43 కుండీలు. బట్టలు ఎక్కడ ఆరేస్తారని మాత్రం అడగకండి, మా కోడలు ఈ పేజీ చదువుతుంది.

ప్ర: మే నెలాఖరున నర్సరీ నుంచి రెండు పీస్ లిల్లీలు, రెండు అగ్లోనిమాలు తెచ్చాను. ఇంటికి రాగానే నర్సరీ మట్టంతా దులిపి, వేర్లు శుభ్రంగా కడిగి, 12 అంగుళాల సెరామిక్ కుండీల్లో పెట్టాను. రోజూ పొద్దున్నే నీళ్లు పోస్తున్నాను. లిల్లీలు వాలిపోయాయి, అగ్లోనిమా ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. ఇంకా పెద్ద కుండీలోకి మార్చాలా?
– ఒక సోదరి, మియాపూర్

వద్దు తల్లీ! ఆ మొక్కల్ని ఇప్పటికే ఒకేసారి నాలుగు కష్టాల్లోకి నెట్టారు, ఐదోది వద్దు.

మొదటిది కాలం. మే నెలాఖరంటే రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ వేడికి ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే వేరు కదిలిస్తే, కింద తాగే నోరు కట్టేసి పైన దాహం పెంచినట్టే.

రెండోది తొందర. కొత్త కోడలు గుమ్మంలో కాలు పెట్టగానే కొంగు బిగించి పొయ్యి దగ్గరికి తోస్తామా? నర్సరీలో మొక్క షేడ్ నెట్ కింద, నాలుగు వేపులా మొక్కల మధ్య, తేమలో పెరిగింది. మీ ఇంట్లో గాలి వేరు, వెలుతురు వేరు, ఏసీ ఉంటే మరీ వేరు. రెండు మూడు వారాలు కవరుతోనే, వచ్చిన మట్టితోనే ఓ మూల కూర్చోబెట్టండి. ఒకటో రెండో ఆకులు రాల్చుకుంటుంది, కంగారుపడకండి. కవరులో మట్టి కుళ్లువాసన వేస్తున్నా, వేరుకి తెల్లటి పిండినల్లి పట్టినా అప్పుడు మాత్రం ఆగక్కర్లేదు.

మూడోది కడగడం. వేరు కొసల దగ్గర కంటికి సరిగ్గా ఆనని నూగు ఉంటుంది. మూలకేశాలని పాఠాల్లో చదివే ఉంటారు. నీళ్లు తాగే పని చాలావరకు వాటిదే. పంపు కింద పెట్టి కడిగితే మట్టితో పాటు అవీ పోతాయి. కుళ్లు పట్టిన మొక్కకి తప్ప ఆ స్నానం అక్కర్లేదు.

నాలుగోదే అసలు దోషి. కవరు ఆరంగుళాలది అయి ఉంటుంది. ఆరు నుంచి పన్నెండుకి మార్చాం, కుండీ రెట్టింపయిందనుకుంటాం. వెడల్పు రెట్టింపు, లోతు రెట్టింపు అయితే లోపల పట్టే మట్టి ఎనిమిది రెట్లు! ఆ చిన్న వేరు ముద్ద చుట్టూ ఏడు వంతుల మట్టి ఖాళీగా ఉంది. మీరు పోసిన నీళ్లు అక్కడ నిలబడిపోతాయి, తాగడానికి వేరు లేదు. మట్టిలో గాలి ఆడదు. వేరుకీ ఊపిరి కావాలమ్మా, అది అందకే కుళ్లుతుంది. వేరు కుళ్లితే నీరు పైకెక్కదు, ఆకు వాలుతుంది. వాలిందని మీరు మళ్లీ నీళ్లు పోస్తారు. పీస్ లిల్లీ దాహానికీ వాలుతుంది, మునిగినా వాలుతుంది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూస్తే ఏదో తెలిసిపోతుంది.

ఇప్పుడు చేయాల్సింది. నీళ్లు ఆపేయండి. మొక్కని బయటికి తీసి పాత పేపరు మీద పరచండి. గట్టిగా, తెల్లగా లేదా లేత గోధుమరంగులో ఉన్న వేర్లు బతికున్నవి. నల్లబడి, నొక్కితే తొక్క జారి లోపల దారం మిగిలేవి చచ్చినవి. వాటిని స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కత్తిరించండి. మిగిలిన వేరు ముద్దకి చుట్టూ అంగుళం కంటే ఎక్కువ జాగా లేని కుండీ చూడండి. ఐదో ఆరో అంగుళాల ప్లాస్టిక్‌ది చాలు. దాన్ని తీసుకెళ్లి మీ సెరామిక్ కుండీలో నిలబెట్టుకోండి, అందం అందంగానే ఉంటుంది. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి, పూర్తిగా కారాక మళ్లీ లోపల పెట్టాలి.

మిమ్మల్ని చీవాట్లు పెడుతున్నానని అనుకోకండి. నేను రిటైరైన రోజు పిల్లలు జీజీ మొక్క ఇచ్చారు. మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం ఖాళీగా ఉందని, శోభగా ఉంటుందని అందులో పెట్టాను. గంగాళానికి బెజ్జం ఉండదు కదా! జీజీ ఆఫ్రికా తూర్పు తీరపు మొక్క, దాని దుంపల్లోనే నెలలకి సరిపడా నీరు దాచుకుంటుంది. శ్రావణమాసం వచ్చేసరికి కాడలు ఒక్కొక్కటీ పసుపెక్కి ఒరిగిపోయాయి. తవ్వి చూస్తే కుళ్లిన బంగాళాదుంపల వాసన. వేరు శ్వాసక్రియ గురించి 31 ఏళ్లు పాఠం చెప్పినదాన్ని నేను! గంగాళం కడిగి అటక ఎక్కించాను. దించలేదు.

ప్ర: కుండీ మార్చే వేళయిందని ఎలా తెలుస్తుంది? మార్చే పద్ధతి మొదటినుంచి చివరిదాకా చెప్పండి. హాస్టల్ గదిలో రబ్బరు మొక్క పెంచుతున్నాను.
– విద్యార్థి, ఖమ్మం

హాస్టల్లో మొక్క పెంచుతున్నావంటే నీకు ఓపికగా చెప్పాలి నాయనా.

ఏడాదయింది కాబట్టి మార్చాలి అనేది లెక్క కాదు. కొన్నిటికి ఏడాది, కొన్నిటికి మూడేళ్లు పడుతుంది. కుండీ అడుగు బెజ్జంలోంచి వేర్లు బయటికి వచ్చాయా చూడు. పోసిన నీళ్లు ఆగకుండా బుడబుడా కిందికి పోతున్నా, లేదా పైనే నిలబడి దిగకపోయినా అనుమానించు. పొద్దున పోస్తే మర్నాటికే వాలిపోవడం, కొత్త ఆకులు పాతవాటికంటే చిన్నవిగా రావడం, ప్లాస్టిక్ కుండీ ఒక పక్క ఉబ్బడం కూడా గుర్తులే. ఇవన్నీ అనుమానాలు మాత్రమే. రుజువు కావాలంటే మొక్కని బయటికి లాగి చూడాల్సిందే. వేళ్ల మధ్య కాడని పట్టుకుని కుండీ పక్కకి వంచి, అంచుని బల్లకేసి రెండు తట్లు తట్టు. ముద్దగా జారుతుంది. మట్టి ఎక్కువ, వేరు తక్కువ కనిపిస్తే అలాగే లోపలికి పెట్టేయ్, ఏమీ కాదు. వేర్లు కుండీ ఆకారంలో గుండ్రంగా చుట్టచుట్టుకుని, మట్టి కనబడకుండా ఉంటే అప్పుడు మార్చు. కింద ఒక ఆకు పసుపయిందని మాత్రం మార్చకు. ముసలి ఆకు రాలుతుంది, దానికి కుండీ ఏం చేస్తుంది?

మన ప్రాంతంలో రెండు వేళలు మంచివి. ఒకటి ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెలు, అంటే జూన్ చివరినుంచి ఆగస్టు మొదలుదాకా. రెండోది శివరాత్రి ముందువెనకలు, చలి వెళ్లి ఎండ ముదరకముందు. ఆ రెండు వేళల్లోనూ మొక్క కొత్త చిగురు వేసే ఊపులో ఉంటుంది, తెగిన వేరు త్వరగా కలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ముట్టుకోకు. హైదరాబాదులోనూ ఉత్తర తెలంగాణలోనూ డిసెంబరు చలిలో కూడా వద్దు.

ముందురోజు సాయంత్రం నీళ్లు పొయ్యి. పొడి ముద్ద విరుగుతుంది, తడిసిన ముద్ద కలిసి వస్తుంది. కొత్త కుండీ పాతదానికంటే రెండంగుళాలు వెడల్పుంటే చాలు. ఆరైతే ఎనిమిది, ఎనిమిదైతే పది. మట్టి కుండీ కొంటే రాత్రంతా బకెట్టు నీళ్లలో ముంచి ఉంచు, లేకపోతే నువ్వు మొక్కకి పోసే తడి అది తాగేస్తుంది.

మట్టి కొలతలు మా ఇంట్లో పాత పెరుగు డబ్బాతో. ఎర్రమట్టి రెండు డబ్బాలు, నానబెట్టి పిండిన కోకోపీట్ (కొబ్బరిపొట్టు) రెండు, వర్మీకంపోస్టు ఒకటి, ముతక ఇసుక ఒకటి, గుప్పెడు వేపపిండి. నల్లరేగడి వాడకు. పొలంలో బంగారమే గానీ, కుండీలో తడిస్తే బంక, ఎండితే పగుళ్లు. సముద్రపు ఇసుక అసలే వద్దు, ఉప్పు. కోకోపీట్ ఇటుకని నానబెట్టాక ఆ నీళ్లు రెండుసార్లు పారబోయ్యి, అందులోనూ ఉప్పుంటుంది. ఒక్కడివే కాబట్టి అయిదు కిలోల దిమ్మ కొనకు. నానితే డెబ్బై లీటర్లదాకా పొంగుతుంది, నీ రూమ్మేటు మంచం కిందికి పారుతుంది. చిన్న ఇటుక చాలు.

ముద్ద బయటికి వచ్చాక పైన వదులుగా ఉన్న మట్టి, అడుగున చుట్టుకున్న వేర్ల చాప తీసెయ్. చుట్టలు మరీ బిగుసుకుంటే నిలువుగా మూడు నాలుగు చోట్ల అరంగుళం లోతు గాటు పెట్టు. గుండె దడదడలాడుతుంది మొదటిసారి. ఆ గాటు పెట్టకపోతే కొత్త మట్టిలోకి వెళ్లకుండా వేర్లు పాత చుట్టలోనే తిరుగుతుంటాయి. గాటు పెడితే తెల్లగా పాలు కారతాయి, రబ్బరు మొక్క కదా. చేతులు కడుక్కో, కళ్లు తుడుచుకోకు.

బెజ్జం మీద ఒక పెంకు ముక్క పెట్టి, కాస్త మట్టి వేసి, మొక్క నిలబెట్టు. పాత కుండీలో కాండం ఎంతవరకు మట్టిలో ఉందో ఇక్కడా అంతవరకే ఉండాలి. ఇంకాస్త లోతుగా పెడితే గట్టిగా ఉంటుందనుకుంటారు, కాండం మొదలు కుళ్లుతుంది. చుట్టూ మట్టి పోసి వేళ్లతో మెత్తగా అదుము, మడమతో తొక్కినట్టు కాదు. కుండీ అంచుకి రెండు వేళ్ల కిందికే మట్టి ఆపు, నీళ్లు నిలవడానికి. అడుగునుంచి కారేదాకా నీళ్లు పొయ్యి.

ఆ తర్వాత పదిరోజులు నేరుగా ఎండ తగలని చోట ఉంచు. నెల, నెలన్నర దాకా ఎరువు వేయకు. ఆకు వాడిందని బలం మందు పోసేవాళ్లే ఎక్కువ. ఆపరేషనయిన మనిషికి మర్నాడే పులిహోర పెట్టినట్టుంటుంది.

ప్ర: కుండీ అడుగున రెండంగుళాలు కంకర వేస్తే నీళ్లు బాగా దిగుతాయని వీడియోల్లో చెబుతున్నారు. మీరు పెంకు ముక్క చాలంటారు. ఏది నిజం?
– ఉద్యోగి, విజయవాడ

గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్లలో ముంచి, పిండకుండా అరచేతిలో పడుకోబెట్టండి. కారడం ఆగేదాకా చూడండి. ఆగిందా? ఇప్పుడు దాన్నే నిలువుగా నిలబెట్టండి. మళ్లీ కారుతుంది! అదే స్పాంజి, అదే నీరు. ఎత్తు పెరిగితే అడుగున ఉన్న నీటిమీద బరువు పెరిగి కిందికి జారుతుంది. మట్టీ అంతే. నీళ్లు సన్నటి మట్టిలోంచి కంకరలోకి సులువుగా దూకవు, మట్టి అడుగున ఒక తడి పొరగా వేలాడుతుంటాయి. రెండంగుళాల కంకర వేస్తే ఆ తడి పొర రెండంగుళాలు పైకి, సరిగ్గా వేర్ల దగ్గరికి వస్తుంది. మీరు కుండీ లోతు తగ్గించుకున్నారు తప్ప నీరు దిగే దారి పెంచలేదు. కంకర వేయాలని మోజుగా ఉంటే కుండీ కింద పళ్లెంలో వేసుకోండి, కుండీ నీళ్లలో కూర్చోకుండా ఉంటుంది.

ప్ర: మా స్నేక్ ప్లాంటు ప్లాస్టిక్ కుండీని చీల్చుకుని పక్కనుంచి పిలక బయటికి పొడిచింది. ఆకు అంచుకి పసుపు గీత ఉన్న రకం. ఇరుకుగా ఉంటేనే దానికి ఇష్టమంటారు కదా, అలాగే ఉంచనా?
– ఒక గృహిణి, హనుమకొండ

ఇరుకు ఇష్టమే, నిజమే. అందుకే మూడు నాలుగేళ్లు మీ దగ్గర కుదురుగా ఉంది. కుండీ చీల్చుకుందంటే "ఇక చాలు" అని నోరు తెరిచి చెప్పినట్టే. దాని కాండం మట్టిలోనే అడ్డంగా పాకుతుంది, లావుగా, అల్లం కొమ్ములా. గోడ అడ్డొస్తే గోడనే తోస్తుంది.

కుండీని కత్తెరతో కోసెయ్యండి, లాగవద్దు. కొమ్ము ఎక్కడ విడిపోతుందో చూసి, ప్రతి ముక్కకి రెండు మూడు ఆకులు, కొన్ని వేర్లు ఉండేట్టు కత్తితో విడదీయండి. కోసిన చోట రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. పసుపు అద్దుతామంటారు కొందరు. అద్దండి, తప్పులేదు, కానీ అసలు మందు ఆరడమే. తర్వాత సగానికి సగం ఇసుక కలిపిన మట్టిలో, మట్టి కుండీలో పెట్టండి. వారం దాకా నీళ్లు పోయవద్దు. రబ్బరు మొక్కకి వెంటనే పోయమన్నాను, దీనికి వద్దంటున్నాను. దీని ఆకులోనే నీరుంటుంది, గాయం తడిస్తే కుళ్లుతుంది. అంతే తేడా.

ఆకు ముక్కలు గుచ్చినా కొత్త మొక్కలొస్తాయి. అయితే ఆ పసుపు అంచు రాదు, ఉత్త పచ్చవే వస్తాయి. మీ రకం నిలవాలంటే కొమ్ము విడదీయడమే దారి. ఇరుగుపొరుగుకి పంచుతుంటే ఈ మాట కూడా చెప్పి పంచండి, తర్వాత మిమ్మల్ని అనుమానించకుండా.

ప్ర: మేం డాలస్‌లో ఉంటాం. ఐదేళ్లుగా కరివేపాకు కుండీలో పెంచుతున్నాను. నవంబరులో ఇంట్లోకి తెచ్చేటప్పుడు చూస్తే అడుగునంతా వేర్లే. వెంటనే పెద్ద కుండీలోకి మార్చాను. డిసెంబరుకల్లా ఆకులన్నీ రాలిపోయి పుల్లలు మిగిలాయి. వసంతంలో కాండం మొదలు దగ్గర్నుంచి చిగురు వచ్చింది, ఇప్పుడు బాగానే ఉంది. అసలు ఏం జరిగింది? పక్కన వచ్చిన పిలక కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లికి పంపవచ్చా?
– ఒక ప్రవాస సోదరి

మీ మొక్క మొండిది, మిమ్మల్ని క్షమించింది. నవంబరులో మీరు మార్చకపోయినా కొంత ఆకు రాల్చేది. వెలుతురు తగ్గి, చలి తగిలితే కరివేపాకు నిద్రకి ఉపక్రమిస్తుంది. పడుకోబోయేవాణ్ణి లేపి ఇల్లు మార్పించారు. నిద్రలో వేరు ఎదగదు, కొత్త మట్టిలో నీరు నిలిచింది, అందుకే మొత్తం రాల్చేసింది.

ఈసారి ఇలా చేయండి. రాత్రి ఉష్ణోగ్రత మీ లెక్కలో యాభై డిగ్రీలకి, మన లెక్కలో పదికి దిగకముందే లోపలికి తెచ్చుకోండి. దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి, హీటరు గాలి తగలనివ్వకండి. నీళ్లు సగానికి సగం తగ్గించండి. అడుగున వేర్లు ఎన్ని కనిపించినా చలికాలంలో ముట్టుకోవద్దు. వసంతంలో కణుపుల దగ్గర చిగురు మొన చూపినప్పుడు మార్చండి. దీని తల్లివేరు నిలువుగా దిగుతుంది కాబట్టి వెడల్పుకంటే లోతున్న కుండీ మేలు. మార్చిన వెంటనే బయట ఎండలో పెట్టేయకండి. మొదట నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో, రెండు వారాలకి పూర్తి ఎండలో.

ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, సున్నపు నీళ్లున్న చోట మామూలే. పుల్లమజ్జిగ పోయమని ఫోన్లో మీ అమ్మగారు చెప్పే ఉంటారు. బాగా పలచన చేసి నెలకోసారి పోస్తే నష్టం లేదు, కానీ ఇంట్లో ఉన్న కుండీకి పోస్తే వాసన, దోమలు. నర్సరీలో దొరికే చిలేటెడ్ ఐరన్, అంటే వేరు తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉన్న ఇనుము, నేరుగా పనిచేస్తుంది.

పిలక మాత్రం పంపవద్దు. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబం. నిమ్మతోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులుని మోసే చిన్న సిల్లా పురుగుకి కరివేపాకంటే ఇష్టం. అందుకే అమెరికాలో ఈ మొక్కల రవాణాకి క్వారంటైన్ నిబంధనలున్నాయి, కాలిఫోర్నియా ఆ విషయంలో గట్టిగా ఉంటుంది. చెల్లిగారిని అక్కడే లైసెన్సున్న నర్సరీలో కొనుక్కోమనండి.

ఒక కబురు చెప్పకుండా ఉండలేను. కరివేపాకు శాస్త్రీయనామంలో 'కోనిగై' అని ఉంటుంది. అది యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ పేరు. మొక్కలకి శాస్త్రీయనామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్‌కి శిష్యుడు, తమిళనాట తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి దక్షిణాది మొక్కల వెంటపడ్డవాడు. 1785లో కలకత్తా ప్రయాణంలో జబ్బుపడి, సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ వైద్యం చేసినా దక్కక, మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. నేను క్లాసులో ఈ సంగతి చెప్పిన రోజు గోదావరి పిల్లలు కరివేపాకు పేరు మర్చిపోయేవాళ్లు కాదు. మిగతా శాస్త్రీయనామాలు మాత్రం యథాప్రకారం మర్చిపోయేవాళ్లు.

ప్ర: సీసాలో నీళ్లలో నాలుగేళ్లుగా మనీప్లాంటు పెరుగుతోంది. మట్టిలోకి మార్చాలా? మంగళవారం, అమావాస్య కుండీ మార్చకూడదని మా అత్తగారు అంటున్నారు.
– ఒక సోదరి, విశాఖపట్నం

మార్చక్కర్లేదు. నీళ్లలో పుట్టిన వేరు నీటికే అలవాటుపడి ఉంటుంది. వారానికోసారి నీళ్లు మార్చి, నెలకోసారి ఎరువు ఒక చిటికెడు, ప్యాకెట్టు మీద రాసినదానిలో పావు వంతు వేస్తే ఇంకా నాలుగేళ్లు ఉంటుంది. మట్టిలో పెట్టాలనే ఉంటే పాతదాన్ని కదపకుండా, రెండు కణుపులున్న ముక్క కోసి చిన్న కుండీలో గుచ్చండి. పాత వేరునే మారుస్తానంటే మొదటి రెండు వారాలు మట్టి తడిగా ఉంచి, తర్వాత మెల్లగా తగ్గించుకోండి.

ఇక మంగళవారం సంగతి. మనీప్లాంటు సొంతూరు పసిఫిక్ సముద్రంలో మొరేయా దీవి, దానికి మన పంచాంగం తెలియదు. మీ అత్తగారికి తెలుసు. బుధవారం మార్చండి. మొక్కకి ఒక్కరోజు ఆలస్యమైతే నష్టం లేదు, ఇంట్లో గొడవ లేకపోతే లాభముంది.

ప్ర: నాకు 74 ఏళ్లు. మా ఆవిడ పెట్టిన అరెకా పామ్ 18 అంగుళాల సిమెంటు కుండీలో ఉంది, నాకంటే ఎత్తు. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆకుల కొసలు ఎండుతున్నాయి, మట్టి మీద తెల్లటి పొక్కు కట్టింది. కుండీ మార్చాలని అబ్బాయి అంటాడు గానీ వాడుండేది పుణేలో. నేను కదపలేను.
– విశ్రాంత ఉద్యోగి, నెల్లూరు

అన్నయ్యగారూ, కదపవద్దు. నడుము జారితే పుణేనుంచి అబ్బాయి పరుగెత్తుకు రావాలి. ఆ కుండీ మార్చనవసరమే లేదు.

తెల్ల పొక్కు బోరునీళ్లలోని ఉప్పు. అదే వేర్ల దగ్గర చేరి ఆకు కొసలు మాడుస్తోంది. కుర్చీ వేసుకుని కుండీ పక్కన కూర్చోండి. వంటింటి ఫోర్కుతో పైమట్టి రెండు మూడంగుళాలు మెల్లగా గీరి తీసెయ్యండి. సన్నవేర్లు తగిలితే అక్కడితో ఆగండి. ఒకరోజులో అయిపోవాలని లేదు, రోజూ ఓ పావుగంట చేసినా చాలు. తీసిన మట్టి కుండీల్లో వాడవద్దు. ఆ ఖాళీలో సగం వర్మీకంపోస్టు, సగం ఎర్రమట్టి కలిపి నింపండి, గుప్పెడు వేపపిండి వేయండి.

తర్వాత మంచినీళ్లు, వీలైతే పట్టిన వాననీళ్లు, అడుగునుంచి ధారగా కారేదాకా మగ్గుతో మెల్లగా పోయండి. అరగంట ఆగి మళ్లీ అలాగే. ఉప్పు కొట్టుకుపోతుంది. కింద పళ్లెంలో చేరినవి ఎత్తి పారబోయడానికి పనమ్మాయిని పిలవండి, మీరు వంగకండి. కుండీ అడుగు బెజ్జం మూసుకుపోయి నీళ్లు దిగకపోతే ఇనుప ఊచతో పొడవమనండి. ఇదే పని ఏడాదికి రెండుసార్లు చేస్తే చాలు. ఇప్పుడొకసారి, ఫిబ్రవరిలో ఒకసారి.

ఎండిన కొసలు కత్తిరించుకోవచ్చు. ఆకు ఆకారంలోనే, కోసుగా కత్తిరించండి. పచ్చటి భాగం తెగకూడదు, నూలుపోగంత ఎండు అంచు వదిలేయండి. పచ్చది తెగితే అక్కడినుంచి మళ్లీ ఎండడం మొదలవుతుంది.